కోనసీమ రేవులు – పంటు చరిత్ర

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు మనకు జ్ఞాపకము వచ్చును. అయితే ఈ సీమ నాలుగు ప్రక్కల నీరున్న ద్వీపమని మనలో అనేకులు మరచిపోవుచున్నారు. ధవళేశ్వరమునకు దిగువన గోదావరి రెండుగా చీలి, తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ అగుచున్నది. దక్షిణమున బంగాళాఖాతము. వశిష్ఠనుండి వైనతేయ అను మరియొక పాయ విడిపోయి, ద్వీపమును మరల రెండుగా విభజించుచున్నది. ఇవిగాక నది నడుమ ఎన్నియో చిన్న లంకలు. ఆసుపత్రికి పోవలెనన్నను, రైలెక్కవలెనన్నను, పిల్లనిచ్చిన ఊరు చూచి రావలెనన్నను ఇక్కడివారు ఎక్కడనో ఒకచోట నీరు దాటవలసినదే.

ఈ సీమ చరిత్ర వ్రాసినవారు సాధారణముగా ఆనకట్టతో మొదలుపెట్టి కాలువలతో ముగించుచున్నారు. అది న్యాయమే. అయినను ఆ కాలువ గట్ల మీద నడచినవారు నది యొడ్డునకు వచ్చి ఎట్లు దాటిరి, ఎవరు దాటించిరి, దాటలేనివారి గతి ఏమాయెను అను సంగతులు ఆ పుస్తకములలో స్వల్పముగా కనబడును. ఈ శతాబ్ది సంచికలో మేము రేవులను గూర్చియు, ఆ రేవులలో నేటికిని బండ్లను మనుష్యులను దాటించుచున్న పంటును గూర్చియు తెలిసినంతమట్టుకు వ్రాయుచున్నాము. రేవు ఎవరి ఆదాయము, ఎవరి బాధ్యత అను ప్రశ్నను పాఠకులు తమ మనస్సులో ఉంచుకొని చదువవలెనని మా మనవి.

ఆనకట్టకు ముందు

ఆనకట్ట రాకమునుపు డెల్టా భూమి వరదకు మునిగి, వేసవికి ఎండి, ప్రజలను బాధించెడిది. 1833 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఆ తరమువారి కష్టములలో ప్రధానమైనవి. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ రాజమండ్రి మండలపు దుస్థితిని ప్రభుత్వమునకు నివేదించెను. బాటలు బహు తక్కువ. వానకాలములో నల్లరేగడి మీద బండి చక్రము తిరుగదు. కాబట్టి నీరే దారి, పడవయే బండి.

అట్లని ఇది వెనుకబడిన మూల అని తలంచరాదు. వశిష్ఠ యొడ్డున నరసాపురమును అంటియున్న మాధవాయిపాలెము 17వ శతాబ్దములోనే ఇంగ్లీషు కంపెనీవారి వర్తక స్థానము. అక్కడ కలప ఓడలు కట్టెడివారు. ఆ ఊరి పేరుననే ఒక రకపు నూలుబట్టకు మడపోలము అను పేరు వచ్చి దేశదేశముల అంగళ్లలో నిలిచినది. ప్రక్కనున్న పాలకొల్లులో డచ్చివారు వర్తకము నడపిరి. సముద్రమునకు పోవు ఓడలను కట్టిన వడ్రంగుల యొడ్డుననే ఈనాడు సఖినేటిపల్లికి పోవు పంటు నిలుచుచున్నది.

ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమునుండి 1836లో బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను మిషనరీలు నరసాపురము, పాలకొల్లు కేంద్రములుగా పనిచేసిరి. ఒకరు రాతిపనివారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. ధవళేశ్వరములో ఆనకట్ట పని జరుగు దినములలో అక్కడి కూలివారి మధ్య బౌడెన్‌గారు సువార్త ప్రకటించిరి. వారి పేర్లు మిషను చరిత్రలో చేరినవి. వారిని, వారి వెనుక వచ్చిన ఉపదేశకులను, బైబిలు స్త్రీలను ఒడ్డునుండి ఒడ్డునకు చేర్చిన పడవవారి పేర్లు మాత్రము మేము చదివిన పుస్తకములలో కనబడలేదు.

ఆనకట్ట, కాలువలు, గన్నవరము

1847లో సర్ ఆర్థరు కాటన్ ఆధ్వర్యమున ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియాయెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా అది నదికి అడ్డముగా నిలిచినది. కాటన్‌గారి కాలువలు సాగునీటి కొరకే గాక పడవల కొరకును త్రవ్వబడినవి. లాకులు కట్టి, ఎగువ దిగువ నీటిమట్టములను సరిచేసి, ధాన్యపు పడవలను రాజమండ్రినుండి కాకినాడ వరకు నడిపించిరి. గట్టు మీద మనుష్యులు మోకు పట్టి లాగగా నిండు పడవ కదలిపోవు దృశ్యమును మన పెద్దలలో అనేకులు చూచియున్నారు.

వైనతేయకు పడమట, రాజోలు ప్రాంతమునకు నీరు చేర్చుటకు నది మీదుగా కాలువను దాటించవలసి వచ్చెను. గన్నవరము వద్ద లెఫ్టినెంటు హెయిగ్ అను యువ ఇంజనీరు 49 ఖానాలతో అక్విడక్టు కట్టించెను. క్రింద నది, పైన కాలువ. ఆ కాలువలో నీటితోపాటు పడవలు కూడ నది మీదుగా దాటిపోయెడివి. పొలమునకు నీరు దాటుటకు ఇంత గొప్ప కట్టడము 1850 దశకము నాటికే ఏర్పడినది. మనిషి దాటుటకు మాత్రము అనేక చోట్ల మరి నూరు, నూటయేబది సంవత్సరములు పట్టినది. ఈ మాట కాటన్‌గారిని తక్కువ చేయుటకు చెప్పుట లేదు. ధాన్యమునకు పన్ను వచ్చును గనుక నీటికి ముందు దారి దొరికినది. మనిషి దారికి ఆ గరజు లేదు.

ఆ గన్నవరములోనే డొక్కా సీతమ్మగారు ఉండిరి. 1841లో జన్మించి 1909లో మరణించిన ఆ తల్లి, లంకల నడుమ రాకపోకలు చేయు బాటసారులకు వేళకాని వేళ అన్నము వండి పెట్టి కీర్తి గడించిరి. రేవున పడవ తప్పిన మనిషికి, వరద తగ్గువరకు ఒడ్డుననే చిక్కుకొన్న మనిషికి ఒక ముద్ద అన్నము ఎంత విలువైనదో ఆ ఊరివారికి తెలియును. సీతమ్మగారి అన్నదానమును ఆమె దయాగుణముగానే చెప్పుకొందుము. ఆ దయకు అంత పని పడుటకు, దాటుటకు సరియైన ఏర్పాటు లేకపోవుట కూడ ఒక కారణమని గ్రహింపవలెను. పాత అక్విడక్టు స్థానమున 2000 సంవత్సరములో వచ్చిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టుట తగినదిగా ఉన్నది.

రేవుపాట

రేవు దాటించుట మొదట పడవవారి వృత్తి. పల్లె ప్రజలు పంట కాలమున ధాన్యమిచ్చి, పండుగకు బట్టలిచ్చి పడవవానిని పోషించుట పలుచోట్ల ఉండెడిది. 1890లో మద్రాసు ప్రభుత్వము కాలువలను, ప్రజల రేవులను గూర్చి ఒక చట్టము చేసినది. దాని ప్రకారము ప్రభుత్వము ఒక రేవును ప్రజల రేవుగా ప్రకటింపవచ్చును. అక్కడ సుంకము నిర్ణయింపవచ్చును. ఆ సుంకము వసూలు చేయు హక్కును కౌలుకు ఇయ్యవచ్చును. దీనినే మన ప్రాంతములో రేవుపాట అందురు. పాట పాడి దక్కించుకొన్నవాడు పాటదారు. తరువాతి కాలములో రేవుల ఆదాయము స్థానిక సంస్థలకు, పంచాయతీలకు చేరినది.

ఈ పద్ధతిలో మంచియు కలదు, చిక్కును కలదు. మంచి ఏమనగా, రేవునకు ఒక లెక్క ఏర్పడినది. మనిషికి ఇంత, ఎద్దుకు ఇంత, బండికి ఇంత అని రేటు పలక కట్టవలసి వచ్చినది. పడవవాడు తన ఇష్టము వచ్చినట్లు అడుగుటకు వీలు లేకపోయినది. చిక్కు ఏమనగా, పాట ఎంత ఎక్కువకు పోయిన స్థానిక సంస్థకు అంత లాభము. ఎక్కువకు పాడినవాడు ఆ సొమ్మును రాబట్టుకొనవలెను గదా! ఎక్కువమందిని ఎక్కించినగాని, తక్కువసార్లు నడిపినగాని, పడవ మరమ్మతు వాయిదా వేసినగాని అది చేతికి రాదు. పాట సొమ్ము మూడంకెలు పెరిగినదని సంతోషించిన పెద్దలు, ఆ మూడంకెలు ఎవరి భద్రతనుండి వచ్చినవని అడుగుట అరుదు. పాటదారులందరు అట్టివారని మా భావము కాదు. నిజాయితీగా నడిపి నష్టపోయినవారును ఉన్నారు. పద్ధతిలోనే ఆ శోధన ఇమిడియున్నదని మాత్రము చెప్పుచున్నాము.

నావనుండి పంటు వరకు

పూర్వము రేవులలో నాటు పడవలుండెడివి. లోతు తక్కువైనచోట గెడ, లోతైనచోట తెడ్డు, గాలి అనుకూలమైనప్పుడు తెరచాప. ఎద్దులబండిని దాటించుట గొప్ప ప్రయాస. ఎద్దులను విప్పి, ఈదించియో వేరుగా ఎక్కించియో, బండి చక్రములను ఊడదీసి పడవలో అడ్డముగా పెట్టెడివారు. మోటారు బండ్లు వచ్చిన తరువాత ఒంటి పడవ చాలకపోయెను. అప్పుడు రెండు పెద్ద పడవలను ప్రక్కప్రక్కన నిలిపి, అడ్డ దూలములతో బిగించి, పైన బల్లలు పరచి, ఇరుప్రక్కల కొయ్య కటకటాలు పెట్టిరి. దీనినే గోదావరి జిల్లాలవారు పంటు అందురు. తరువాత ఇనుప పంటులు వచ్చినవి. ఇంజను లాంచీ పంటును ప్రక్కన అంటుకొని నడిపించును.

పంటు చూచుటకు మొరటుగా ఉండును. అయినను ఆ వెడల్పే దాని బలము. రెండు పడవలు ఎడముగా ఉండుటచేత ఒక ప్రక్క బరువు పడినను త్వరగా ఒరిగిపోదు. లోతు తక్కువైన నీటిలో కూడ తేలును. అయితే ఈ బలము హద్దు మీరని బరువునకే. హద్దు మీరినప్పుడును, ప్రవాహము ప్రక్కనుండి కొట్టినప్పుడును వెడల్పైన పంటు కూడ మనుష్యులను రక్షింపలేదు.

మాధవాయిపాలెము – సఖినేటిపల్లి రేవు

వశిష్ఠ సముద్రములో కలియు అంతర్వేదికి ఎగువన, నరసాపురము ప్రక్కనున్న మాధవాయిపాలెమునకును ఆవలి యొడ్డు సఖినేటిపల్లికిని నడుమ ఈ పంటు నడుచుచున్నది. ఒక యొడ్డు పశ్చిమ గోదావరి జిల్లా, మరియొక యొడ్డు కోనసీమ జిల్లా. 1925లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు ఏర్పడినప్పుడు నది సరిహద్దాయెను. 2022లో కోనసీమ వేరు జిల్లాయైనప్పుడును ఆ సరిహద్దు అట్లే నిలిచినది. కచేరీ పనికి సఖినేటిపల్లివారు అమలాపురము పోవలెను. రైలుకు, పెద్ద బజారుకు, కళాశాలకు, ఆసుపత్రికి నరసాపురమే దగ్గర. నరసాపురములో వై.ఎన్. కళాశాల 1949లో స్థాపింపబడినది. అప్పటినుండి ఎన్ని తరముల విద్యార్థులు పుస్తకములు చంకనబెట్టుకొని ఈ నీరు దాటిరో లెక్కించినవారు లేరు.

మేము ఈ రేవున కొన్ని ఉదయములు నిలిచి రాకపోకలు గమనించితిమి. తెల్లవారుజామున మొదటి పంటు మీద పాలవారు, చేపల గంపల స్త్రీలు, ఆకుకూరల మూటలు. తరువాత బడిపిల్లలు, ఉద్యోగస్థులు, మోటారు సైకిళ్లు. ఎండ ఎక్కిన కొలది ఆటోలు, కార్లు, కొబ్బరికాయల బండ్లు. లేసు అల్లిక స్త్రీలు దారపు కట్టలు తీసికొని పోవుదురు, అల్లిన లేసు తీసికొని వత్తురు. 19వ శతాబ్దములో మిషనరీ స్త్రీలు నేర్పిన ఆ పని నరసాపురము పేరును విదేశములకు చేర్చినది. అల్లువారిలో అనేకులు చుట్టుప్రక్కల పల్లెల పేద స్త్రీలే. వారు పుచ్చుకొను కూలిలో రేవు చీటీ కూడ ఒక ఖర్చు.

పంటు ఎక్కించుటలో ఒక క్రమమున్నది. ఒడ్డునకు దిగుడు బల్లలు వేసి కళాసీలు ఇరుప్రక్కల నిలుతురు. బరువైన బండి నడుమ నిలుపవలెను. చిన్న కార్లు దానికి ముందు వెనుక. మోటారు సైకిళ్లు అంచులను. మనుష్యులు మిగిలినచోట. చక్రములకు రాళ్లో కొయ్య ముక్కలో అడ్డుపెట్టుదురు. సరంగు నీటిని ఒకసారి చూచి, మోకు విప్పుమని చేతితో సైగ చేయును. తిన్నగా ఎదుటి రేవునకు గురిపెట్టి పోవుట లేదు. ప్రవాహము ఎటు లాగునో చూచుకొని, కొంత పైకి నడిపి, నది తనను దించునంత దించనిచ్చి రేవు పట్టుకొనును. సముద్రము దగ్గర గనుక పోటు, పాటు ఇక్కడ బాగుగా తెలియును. పోటు మీద బల్ల సమముగా ఆనును. పాటు వేళ పంటు క్రిందికి దిగిపోయి ఒడ్డు నిట్టనిలువగా ఉండును. అప్పుడు కారు ఎక్కుటకు నలుగురు వెనుకనుండి నెట్టవలెను. నెట్టువారిలో కళాసీలే గాక, ఆ కారుతో ఏ సంబంధమును లేని ప్రయాణికులును ఉందురు. ఎవరును పిలువనక్కరలేదు.

మాఘమాసములో అంతర్వేది తీర్థమునకు వేలాది భక్తులు ఈ రేవు దాటుదురు. పెండ్లి బృందములు బాజాలతో దాటును. శవమును తీసికొనిపోవువారు దాటునప్పుడు మిగిలినవారు మాటలు మాని దారి యిత్తురు. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, ఒకే బల్ల మీద ఒకే ఒడ్డు వైపు చూచుచు నిలుచుందురు. గ్రామములలో ఇట్టి చోట్లు ఎన్ని ఉన్నవో పాఠకులే ఆలోచింపవలెను.

ఒక పెద్ద కళాసీని రాత్రి పడవను గూర్చి అడుగగా, "ఆఖరి పంటు వెళ్లిపోయాక ఇంకేముందండీ అయ్యగారూ, చించినాడ చుట్టుకుపోవడమేనండి" అనెను. అనగా రాజోలు మీదుగా దిండి పోయి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా నరసాపురము చేరవలెను. ఎదుట దీపములు కనబడుచున్న పట్టణమునకు అంత దూరము తిరిగిపోవలెను. ప్రసవ వేదనలో నున్న స్త్రీకి, పాము కరచిన రైతునకు ఆ దూరము ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వంతెన కూడ లేని దినములలో ఏమి జరిగియుండునో పెద్దలను అడిగిన చెప్పుదురు. అట్టి కుటుంబములు మన సంఘములలోనే ఉన్నవి.

వంతెనలు

రేవులు ఒక్కొక్కటిగా తగ్గుచు వచ్చినవి. రాజమండ్రి వద్ద 1900లో తెరచిన హేవలాకు వంతెన రైలునకు మాత్రమే. రోడ్డు బండ్లు రాజమండ్రినుండి కొవ్వూరు పోవుటకు 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చినది. పాత ఆనకట్ట స్థానమున 1982లో పూర్తియైన కాటన్ బ్యారేజి మీద కూడ రోడ్డు ఏర్పడినది. జొన్నాడ, సిద్ధాంతము వద్ద పెద్ద రహదారి వంతెనలు రావులపాలెమును రెండు ప్రక్కల కలిపినవి. ఇవన్నియు ద్వీపమునకు తలవైపున ఉన్నవి. సముద్రము వైపున ఉన్నవారికి వాటివలన కలిగిన మేలు తక్కువ.

ఈనాటి 216వ జాతీయ రహదారి మీద మూడు పాయలకు మూడు వంతెనలు వచ్చిన తరువాతనే దిగువ కోనసీమ నిజముగా కలిసినది. యానాము–ఎదుర్లంక నడుమ గౌతమి మీద, బోడసకుర్రు–పాశర్లపూడి నడుమ వైనతేయ మీద, దిండి–చించినాడ నడుమ వశిష్ఠ మీద అవి నిలిచియున్నవి. యానాము వంతెనకు, దాని కొరకు శ్రమించిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగిగారి పేరు పెట్టిరి. కోనసీమ బిడ్డయైన ఆయన 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదములో మరణించిరి.

రైలు సంగతి వేరు. కాకినాడనుండి గౌతమి యొడ్డున కోటిపల్లి వరకు 1928లో రైలు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940లో, పట్టాలు ఊడదీసి తీసికొనిపోయిరి. 2004లో గాని ఆ మార్గమున మరల రైలు నడువలేదు. కోటిపల్లినుండి ముక్తేశ్వరమునకు నేటికిని పంటే దిక్కు. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఇసుక తిన్నెల మీద కొంత దూరము పోయి, మిగిలిన పాయను పడవలో దాటుదురు. కోటిపల్లినుండి నరసాపురము వరకు రైలు వేయుటకు గౌతమిలో స్తంభములు లేచినవి. కాని రైలు కొరకు ద్వీపమువారు ఇంకను నది దాటియే పోవుచున్నారు.

వరద వచ్చినప్పుడు

పంటుకు గొప్ప శత్రువు వరద. ధవళేశ్వరము వద్ద ప్రమాద హెచ్చరిక రాగానే రేవులలో రాకపోకలు నిలుపుదురు. అది సరియే. అయితే ఎవరికి పడవ అత్యవసరమో, వారికి పడవ ఆగిపోవు దినములును అవే. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోయెను. గట్లు తెగి ఊళ్లు మునిగినవి. ఆ దినములలో ఇండ్ల కప్పుల మీదనుండి జనులను దించినవారు చాలవరకు ఊరి పడవవారే. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ తీరమున వందలాది ప్రాణములు పోయినవి. కొబ్బరితోటలతోపాటు మత్స్యకారుల పడవలు, వలలు పోయినవి. 2022 జూలైలో వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడును లంక గ్రామములు అనేక దినములు నీటి నడుమ నిలిచినవి.

గన్నవరము ప్రక్కన బూరుగులంక, అరిగెలవారిపేట, ఉడిమూడిలంక, పెదపూడిలంక అను ఊళ్లున్నవి. వాటికి వేసవిలో నదీపాయకు అడ్డముగా మట్టి బాట వేసికొనుట, జూలైలో మొదటి ఎఱ్ఱనీరు రాగానే అది కొట్టుకొనిపోవుట ఏటేట చూచిన కథ. ఆ దినమునుండి పిల్లలు బడికి, రైతులు అరటిగెలలతో బజారుకు పడవ మీదనే పోవలెను.

2018 జూలై 14న జరిగినది మనము మరువరాదు. ఐ. పోలవరము మండలము పశువుల్లంక వద్ద బడిపిల్లలతో నిండిన నాటు పడవ, అచ్చట కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడెను. చదువుకొని ఇంటికి పోవుచున్న పిల్లలు నదిలో మునిగిపోయిరి. వారి కొరకు కట్టుచున్న వంతెన స్తంభమే వారికి అడ్డమాయెను. వంతెన పూర్తియగువరకు రేవును ఎవరు కాచుకొనవలెను అను ప్రశ్నకు ఇంతకంటె కఠినమైన రూపము లేదు. వంతెన వచ్చుచున్నదను మాట విన్నప్పటినుండి రేవు మీద శ్రద్ధ సడలును. క్రొత్త పడవ ఎందుకు, ఇంక రెండేండ్లే గదా అందురు. ఆ రెండేండ్లు పదేండ్లగుట మన ప్రాంతములో క్రొత్త కాదు.

మన బాధ్యత

ఈ చరిత్రనంతటిని చూచినప్పుడు మాకు ఒక సంగతి స్పష్టముగా తోచుచున్నది. 1890 నాటి చట్టము మొదలుకొని నేటివరకు రేవును సుంకము వచ్చు చోటుగా చూచుట అలవాటైనది. రోడ్డునకు గుంట పడిన పూడ్చవలెనని అందరు ఒప్పుకొందురు. రోడ్డు లాభము తెచ్చెనా అని ఎవరును అడుగరు. రేవు కూడ రోడ్డే. నీటి మీద ఉన్నంత మాత్రమున అది వ్యాపారము కాజాలదు. 1917 నాటి లోతట్టు నౌకల చట్టమునకు బదులు 2021లో క్రొత్త చట్టము వచ్చినది. నౌకల తనిఖీ, నమోదు, ప్రాణరక్షణ సామగ్రిని గూర్చి నియమములు కలవు. నియమము కాగితము మీదనుండి రేవునకు దిగుటకు ఒడ్డున నిలిచినవారు అడుగవలెను.

ఏమి అడుగవలెను? పాట ఖరారు చేయునప్పుడే కొన్ని షరతులు వ్రాయించుట కష్టము కాదు. పంటు ఎంత బరువు మోయునో తెలుపు గీత పడవ ప్రక్కన కనబడవలెను. లైఫ్ జాకెట్లు పెట్టెలో తాళము వేసి గాక, చేతికందునట్లు ఉండవలెను. రెండు ఒడ్డులను దీపములుండవలెను. రోగులకు రాత్రి వేళ ఒక లాంచీ, ఒక సరంగు సిద్ధముగా ఉండవలెను. వచ్చిన పాట సొమ్ములో కొంత భాగము రేవు మెట్లకును, పంటు మరమ్మతులకును వెచ్చింపవలెను. ఇవి గొప్ప కోరికలు కావు. నది యొడ్డు సంఘముల పెద్దలు, పంచాయతీ పెద్దలతో కలిసి కూర్చుండి మాటలాడిన కుదురు పనులు.

మనవైపునను లోపము కలదు. నిండిన పంటు మీదికి దూకి ఎక్కువారు మనవారే. ఆదివారము ఆరాధనకు ఆలస్యమగునని సరంగును తొందరపెట్టువారు, కూటములకు వందలాదిగా ఒకే పడవలో పోవువారు మన సభ్యులలోను ఉన్నారు. సరంగు చాలునన్నప్పుడు ఆగుట నేర్చుకొనవలెను. మన యౌవన సంఘములు ఈత నేర్పుటను, ప్రథమ చికిత్స నేర్పుటను తమ కార్యక్రమములలో చేర్చుకొనిన మేలు.

ఇంకొక పని ఉన్నది. గెడ వేసి, మోకు లాగి, తెరచాప దించి మన తాతలను దాటించిన పడవవారిలో వృద్ధులు కొందరే మిగిలియున్నారు. ఏ రేవులో ఎవరు నడిపిరి, ఏ వరదలో ఎందరిని రక్షించిరి, ఏ యేట పడవ మునిగెను, చనిపోయినవారు ఎవరు అను సంగతులు వారి నోటనే ఉన్నవి. ప్రతి రేవు ఊరి సంఘమును ఒక పుస్తకము తెరచి వాటిని వ్రాసి పెట్టవలెనని కోరుచున్నాము. బాప్తిస్మపు పట్టీలను, వివాహపు పట్టీలను మన సంఘములు నూరేండ్లుగా భద్రపరచినవి. ఆ పట్టీలలో పేర్లున్నవారిలో ఎందరో నది దాటివచ్చియే దేవాలయపు మెట్లెక్కిరి. వారిని దాటించినవారి పేర్లు కూడ ఆ ప్రక్కననే ఉండుట న్యాయము.